ఎర్ర చుక్క

రాజోలు తాకట్టు కొట్టులో, ఎవరూ విడిపించుకోని సామాన్ల మధ్య గిటారు యాంప్లిఫయర్ కనబడింది. చర్చిలో గిటారు వాయించే ఇమ్మానుయేలు సంతోషం పైకి కనబడనివ్వలేదు. బేరమాడాలంటే ముందు ఏదో ఒక వంక దొరకాలి.

దొరికింది. వాల్యూమ్ నాబ్ పక్కన, రెండు అంకె మీద, గోళ్ళరంగుతో పెట్టిన ఎర్ర చుక్క.

"రెండు దాటితే బొంగురుపోద్దేమోనండి, అందుకే గుర్తు పెట్టుకున్నారు. మూడు వేలిస్తాను."

"ఆ లోపమేం లేదండి. వాయించి చూసుకోండి," అన్నారు కొట్టు యజమాని గంగరాజు గారు.

ఇమ్మానుయేలు భుజాన ఉన్న గిటారు దింపి, వైరు తగిలించి, నాబ్ పది దాకా తిప్పి తీగలు మీటాడు. కొట్టంతా ఖంగున మోగింది.

గంగరాజు గారు ఒక్క ఉదుటున వచ్చి నాబ్‌ను ఎర్ర చుక్క దాకా తగ్గించేశారు.

"నెమ్మదండీ! పాప నిద్దరోతుంది," అన్నారు వెనక గది వైపు చూస్తూ.

"అయ్యో, తెలీలేదండి," అంటూ ఇమ్మానుయేలు కూడా అటు చూశాడు.

ఆ గదికి బయట తాళం వేసి ఉంది. తాళం మీద దుమ్ము.

గంగరాజు గారి చెయ్యి నాబ్ మీదే ఉండిపోయింది.

"ఇది తాకట్టుకొచ్చింది కాదు బాబూ, నాదే. పాప పుట్టినప్పుడు మా ఆవిడ పెట్టిందా చుక్క. పాప పోయేక కూడా నా చెయ్యి దాన్ని దాటలేదండి."

నాబ్ మీంచి చెయ్యి తీసి, యాంప్లిఫయర్‌ను ఇమ్మానుయేలు వైపు జరిపారు.

"మూడు వేలే ఇవ్వండి. చుక్క మాత్రం గోకెయ్యకండేం."