ఇంకెవరికీ లేని జత

"ఇది కాదు. ఇదీ కాదు. ఇంకెవరి కాళ్లకీ కనబడకూడదు, అలాంటిది చూపించు," అంది జువేనా, చెప్పుల దుకాణం ముందున్న పీటమీద కూలబడుతూ.

తెల్లవారకముందే లేచి మహమ్రీల పిండి కలిపి, నూనెలో వేయించి, వీధి చివర అమ్మి, పెద్దకూతురు సౌముని, రెండోవాణ్ణి బడికి తోలి వచ్చింది. నడుం పట్టేసింది. చంకలో చిన్నవాడు బుయిబుయి ముసుగు పట్టుకు లాగుతున్నాడు.

"పోయిన పండక్కి ఆకుపచ్చవి ఇచ్చావు. వారం తిరక్కుండా మా వీధి తీమా కాళ్లకి అవే. అంతకుముందు ఎర్రవి. అవీ అంతే. ఆవిడకి నేనే దొరికానా?"

చెప్పులు దులుపుతున్న అత్మాని తలెత్తలేదు. "మంచి రంగు ఎవరికైనా నచ్చుతుంది కదా, సౌము అమ్మా."

"నచ్చితే ఇంకోటి కొనుక్కోమను. మొంబాసాలో చెప్పులకి కరువొచ్చిందా?"

వినేవాళ్లకి ఇది చిన్న గొడవే. కానీ నల్లటి బుయిబుయి కప్పుకుని వీధిలోకి వస్తే ఆడవాళ్లంతా ఒకటే. ఎవరు ఎవరో చెప్పేవి కాళ్లే. జువేనాకి చిక్కు వచ్చిపడింది సరిగ్గా అక్కడే. పుట్టుకతోనే ఎడమ పాదం చిన్నది, కుడిది పెద్దది. మూడు సైజుల తేడా. పెళ్లినాడు ఎడమ చెప్పులో దూది కుక్కుకుని నడిచింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి రబ్బరు చెప్పులే ఈడ్చింది. ఈ సంగతి మొగుడికి, పిల్లలకి, ఈ మధ్య అత్మానికి తప్ప ఎవరికీ తెలియదు. నలుగురిలో కూర్చుంటే ముందు పాదాలను బుయిబుయి అంచు కిందికి లాక్కుంటుంది.

అత్మాని పై అరలోంచి రెండు పెట్టెలు దించాడు. పసుపు రంగు తోలు, ముందు చిన్న పూసల పువ్వు. జువేనాకి ప్రాణం లేచొచ్చింది. చిన్న సైజు పెట్టెలోంచి ఎడమది, పెద్ద సైజు పెట్టెలోంచి కుడిది తీసి ఆమె ముందు పెట్టాడు. మిగిలిన రెండింటినీ బల్ల కిందికి తోసేశాడు.

"రెండు జతలు పాడుచేసి ఒక జతకే డబ్బు తీసుకుంటావు. నీకేం గిట్టుతుంది?"

"మిగిలినవాటి సంగతి నేను చూసుకుంటాలే."

ప్రతిసారీ ఇదే మాట. జాలిపడుతున్నాడని ఆమెకి తెలుసు. ఆ జాలి లోపల గుచ్చుకుంటూనే ఉంటుంది. అయినా చెప్పులు సంచిలో వేసుకుంది.

"శుక్రవారం రెహెమా పిన్ని ఇంట్లో పెళ్లి. ఈసారి తీమాకి ఇవి అమ్మావంటే మళ్లీ నీ మొహం చూడను."

అత్మాని బల్ల కిందికి ఓసారి చూసి, మళ్లీ చెప్పులు దులపడం మొదలుపెట్టాడు.

శుక్రవారం మధ్యాహ్నం ఆమె సందులోకి అడుగుపెట్టగానే అరుగులమీది ఆడవాళ్ల మాటలు ఆగిపోయాయి.

"ఎవరే ఆ పసుపు చెప్పులావిడ? ఓసి నీ దుంపతెగ, సౌము అమ్మా! ఎవరో కొత్త కోడలనుకున్నాం. ఎక్కడ కొన్నావే?"

"చెప్తే మీరూ కొంటారు," అని నవ్వింది జువేనా.

ఇన్నేళ్లూ ఆమె వాళ్లకి మహమ్రీల పళ్లెం వెనకాల ఉండే మనిషి. ఆగి చూసినవాళ్లు లేరు. ఇవాళ చూశారు. ఆ నాలుగు మాటలకే నడుం నొప్పి సగం తగ్గింది.

రెహెమా పిన్ని గుమ్మం ముందు చెప్పులు కుప్పగా పడి ఉన్నాయి. తనవి ఓ పక్కన జాగ్రత్తగా విడిచి లోపలికి వెళ్లింది. చాపమీద ఆ మూల తీమా అప్పటికే ఉంది. ఎక్కడికైనా అందరికన్నా ముందొస్తుంది, అందరూ వెళ్లాక లేస్తుంది. గోడకానుకుని కాళ్లు అంచు కిందికి మడుచుకుని కూర్చుంటే ఇక కదలదు. అదంతా పొగరని జువేనా లెక్క.

పిలావు పళ్లేలు వచ్చేసరికి సౌము బయటినుంచి పరుగెత్తుకొచ్చింది. "అమ్మా, గుమ్మం దగ్గర నీ చెప్పుల్లాంటివి ఇంకో జత ఉంది!"

జువేనా మొహం మాడిపోయింది. మూలకి తిరిగింది. "తీమా, నీకంటూ ఒక ఇష్టం ఉండదా? నా కాళ్లు చూసే కొనుక్కోవాలా?"

"నీ కాళ్లా?" తీమా పాదాలు ఇంకా లోపలికి లాక్కుంది. "నేనేది తొడుక్కుంటే అది నీకు కావాలి. ఈసారి నీకు అమ్మొద్దని అత్మానికి మరీ మరీ చెప్పాను."

"అబద్ధం! ఆ మాట చెప్పింది నేను!"

"చాల్లెండే," అంది రెహెమా పిన్ని. "పెళ్లింట్లో చెప్పుల పంచాయితీ ఏమిటి? తినండి ముందు."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. జువేనా పళ్లెం పక్కకి నెట్టింది. కోపం కూడా నిలవలేదు, ఒట్టి అలసట మిగిలింది. పొద్దు పొడిచింది మొదలు అందరికోసం అరిగిపోయే మనిషికి, నావి అని చెప్పుకోవడానికి రెండు చెప్పులైనా దక్కవా? నిద్రపోతున్న చిన్నవాణ్ణి భుజాన వేసుకుని, ఎవరితోనూ చెప్పకుండా బయటికి వచ్చేసింది.

కళ్లనిండా నీళ్లు. కుప్పలో పసుపు రంగు కనబడగానే కాళ్లు దూర్చింది. ఎడమ పాదం లోపల వదులుగా జారిపోయింది. కుడి పాదం సగం కూడా దూరలేదు.

అప్పుడే సౌము వెనకాలే వచ్చింది. "అమ్మా, నీ జత అదిగో, ఆ పక్కనుంది."

జువేనా తన పాదాలకేసి చూసుకుంది. ఎడమ చెప్పు పెద్దది, కుడిది చిన్నది.

వేసుకున్నవి తీమావి.