గుహలోకి పోయిన కుక్క

"ఒకరు తక్కువున్నారు" అంటూ అంకయ్య బస్సు మెట్టు మీద అడ్డంగా నిలబడ్డాడు.

"ఇరవై ఆరు మంది, నాయనా. రెండు తూర్లు లెక్కపెట్టినా" అన్నాడు కొడుకు రంగనాయకులు. "లెక్క సరిపోయింది. పైకి రా."

"నీ లెక్క సరిపోయింటాది. నా కంటికి సరిపోలేదు."

ఎర్రగొండపాలెం పక్క పల్లె నుంచి నాలుగు కుటుంబాల వాళ్లు బస్సు మాట్లాడుకుని, ఎండాకాలం సెలవులకు హైదరాబాదులో ఆటల పార్కు చూడటానికి వచ్చారు. చూడటం అయిపోయింది. పొద్దు వాలుతోంది. రాష్ట్రం విడిపోయాక హైదరాబాదు పొరుగు రాష్ట్రమైంది కదా, డ్రైవరు తీసుకున్న పర్మిట్ ఆ రోజుతో సరి. ఆలోపల సాగర్ చెక్‌పోస్టు దాటకపోతే బండి ఆపేస్తారని అతను అప్పటికే మూడుసార్లు చెప్పాడు. ఇప్పుడు చెప్పడం మానేసి హారన్ కొడుతున్నాడు.

అంకయ్యకు అంకెలు పెద్దగా రావు. సాయంత్రం గొర్రెలు దొడ్డిలోకి వస్తుంటే ఆయన లెక్కపెట్టడు, ఊరికే చూస్తాడు. ఒకటి తప్పితే కంటికి తెలిసిపోతుంది. ఇప్పుడూ అట్లాగే తెలిసింది.

"మేమేమన్నా గొర్రెలమా మామా, అట్ల నిలబడి చూస్తాండావు?" అంది ముందు సీట్లోంచి పక్కింటి సుబ్బరత్నమ్మ. బస్సంతా నవ్వింది.

అంకయ్య నవ్వలేదు. "చెంచు యాడుంది?" అన్నాడు.

చెంచులక్ష్మి ఆయన మనవరాలు. అయిదో తరగతి. రంగనాయకులు చెయ్యి చాపి చివరి సీటు చూపించాడు. పార్కు వాళ్లు పిల్లలందరికీ ఇచ్చిన పసుపు టోపీ, దాని కింద ముఖానికి అడ్డంగా తెరిచిన పుస్తకం. చేతిలో పుస్తకం ఉంటే అది చెంచే అని బస్సులో అందరికీ తెలుసు. పిల్లలంతా నీళ్లలో దూకి, ఊగే పడవలెక్కి కేకలు పెడుతుంటే అది బెంచీ మీద కూర్చుని చదువుకుంది. ఈ మాత్రానికి ఇంత దూరం తీసుకురావాల్నా అని తండ్రి విసుక్కున్నాడు కూడా.

అంకయ్యకు కొంచెం ఊపిరి వచ్చింది. పైకెక్కాడు. బస్సు కదిలింది.

కానీ కుదురుగా కూర్చోలేకపోయాడు. గొర్రెలు ఈనే రోజులని కోడలు కొండమ్మ ఇంటి దగ్గరే ఉండిపోయింది. వచ్చేటప్పుడు ఆయనతో ఒక్కటే చెప్పింది. "మామా, కండ్లు పుస్తకంలో ఉంటే దాని కాళ్లు యాడికి పోతాయో దానికే తెలీదు. చెయ్యి మాత్రం వదలొద్దు."

పొద్దంతా వదల్లేదు. గేటు బయటికి వచ్చాక చెప్పు వారు తెగితే, వంగి పిన్నీసు పెట్టుకునేంతసేపు వదిలాడు. అంతే. తలెత్తేసరికి చుట్టూ జనం, ఎటు చూసినా పసుపు టోపీలు, పక్కపక్కనే ఒకే తీరు తెల్ల బస్సులు. పిల్లలంతా ఎక్కేశారు రమ్మని ఎవరో పిలిస్తే వచ్చాడు.

ముందు సీట్లో ఉన్న రంగనాయకులు ఫోను మోగింది. తెలియని నంబరు. ఏదో కంపెనీ వాళ్లదనుకుని కట్ చేశాడు. మళ్లీ మోగితే మళ్లీ కట్ చేశాడు.

అంకయ్యకు కుంట దగ్గరి సంగతి గుర్తొచ్చింది. నీళ్లు తాగే చోట రెండు మందలు కలిసి విడిపోతాయి. తలలు సరిపోతాయి. అయినా దొడ్డికి చేరాక ఒక తల్లి గొర్రె అరుస్తూనే ఉంటుంది.

లేచాడు. సీట్లు పట్టుకుంటూ వెనక్కి నడిచి, ఆ పుస్తకం పక్కన కూర్చున్నాడు.

చెంచు చదువుతుంటే పెదాలు కదులుతాయి. తాత పక్కనుంటే గొంతు కూడా పైకి వస్తుంది, తాతకు చదువు రాదని దానికి తెలుసు. పొద్దున వచ్చేటప్పుడు అట్లాగే ఒక కథ చదివి వినిపించింది. ఎలుగుబంటి వెంటపడి వేటగాడి కుక్క గుహలోకి పోతుంది. వేటగాడు బయట నిలబడి పిలుస్తుంటాడు. సరిగ్గా అక్కడ పార్కు వచ్చేసింది. మిగతాది ఇంటికి పోయేటప్పుడు చెప్తానంది. ఆ కుక్క ఏమైందోనని పొద్దంతా అంకయ్య మనసు గుహ దగ్గరే ఉంది.

ఇప్పుడు పుస్తకం వెనక చిన్న గొణుగుడు కూడా లేదు.

"కుక్క బయటికొచ్చిందా, అమ్మా?" అని మెల్లగా అడిగాడు.

పుస్తకం కిందికి దిగింది. దాని వెనక ఆయన ఎన్నడూ చూడని ముఖం. ఆ పిల్ల ఆయన్ని చూసింది, బస్సంతా చూసింది.

"ఏ కుక్క? ఇది దేవరకొండ బస్సు కాదా తాతా?"

అంకయ్య లేచి నిలబడ్డాడు. బస్సు ఆపమని రెండు చేతులూ ఊపాడు. ఎవరో చూసి అరిచారు, బ్రేకు పడింది. అదే సమయానికి రంగనాయకులు ఫోను మూడోసారి మోగింది. ఈసారి ఎత్తి, తిట్టబోయి ఆగిపోయాడు. వెనక్కి నడిచి వచ్చి, ఫోను తండ్రి చెవికి ఆనించాడు.

"తాతా, కుక్క బయటికొచ్చింది. నీకు చెబుదామని తలెత్తితే, ఈ బస్సులో మనోళ్లు ఒక్కరూ లేరేంది?"