పొగ గది

"మూడు దినాలు ఒకటే గది దొరకది రావ్ సాబ్. నుమాయిష్ ఎగ్జిబిషన్ నడుస్తున్నది గద! దినానికో గది మారుతనంటే సర్దుత" అన్నాడు కిషన్, తాళంచెవుల పలక వైపు చూస్తూ.

కౌంటరు ముందు వామన్‌రావు ఆయాసపడుతున్నాడు. వరంగల్ రైలు దిగి, కాచిగూడ దాకా లాడ్జీలన్నీ తిరిగి, ఎక్కడా చోటు లేక, నాంపల్లి స్టేషన్ ఎదుట ఉన్న ఈ లాడ్జికే వచ్చి పడ్డాడు. వెనుక ట్రంకుపెట్టె మీద కూతురు అహల్య తల వంచుకుని కూర్చుంది.

"ఏమేం గదులున్నయి?"

"ఇయ్యాల బాల్కనీ గది. రేపు పొద్దుగాల పదింటికి అది ఖాళీ చేసి వంటింటి పక్క గదికి మారాలె. ఎల్లుండి మీది అంతస్తుల పెద్ద గది."

వంటింటి పక్క గది అన్న మాటను కిషన్ కావాలనే ఒత్తి పలికాడు. వామన్‌రావుకు గుర్తుంటే గదా! అది మేనేజరుగా కిషన్ కాపురముంటున్న గదే.

పోయిన దసరాకు కిషన్ తల్లి జయమ్మ అహల్యను కోడలిగా అడిగింది. వామన్‌రావు కూతురితో సహా వచ్చి ఆ గది చూశాడు. వంటవాళ్ళూ బసకొచ్చినవాళ్ళూ వింటుండగా, "గీ పొగల కుక్క గూడ ఉండది. నా బిడ్డను తెచ్చి గీడ పడేస్తనా?" అన్నాడు. జయమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని వెళ్ళిపోయింది. గుమ్మంలో నిలబడి అంతా విన్న అహల్య పల్లెత్తు మాట అనలేదు. తండ్రి మాట కన్నా ఆ మౌనమే కిషన్ గుండెలో ఎక్కువ మండింది. ఇద్దరి మీదా పగ అట్లాగే దాచుకున్నాడు.

నిజానికి బాల్కనీ గది మూడు రోజులూ ఖాళీయే. రావలసిన బొంబాయి వాళ్ళు రావడం లేదని తెల్లారే కబురొచ్చింది. ఒక్క రాత్రయినా ఈ మనిషి ఆ పొగలో దగ్గుతూ పడుకోవాలి, అంతే.

వామన్‌రావు కౌంటరు మీది ఫోను అందుకున్నాడు. "శ్రీరామమూర్తి గారూ! పిల్లను తోలుకొచ్చిన. రేపు పొద్దుగాల తొమ్మిదింటికి రాండ్రి. బాల్కనీ గదిల దిగినం. రాజా లెక్కున్నది."

పెళ్ళిచూపులు! ఆబిడ్స్‌లో పేరున్న బట్టల వ్యాపారి ఇల్లు. వాళ్ళ కళ్ళకు ఆ పొగ గది కనబడితే ఎంత బాగుండును! కానీ పదింటి దాకా వీళ్ళు బాల్కనీ గదిలోనే ఉంటారు. కిషన్ పళ్ళు కొరుక్కున్నాడు.

సాయంత్రం అహల్య ఒక్కతే కౌంటరు దగ్గరికి వచ్చింది.

"జయమ్మత్త మంచిగున్నదా?"

కిషన్ రిజిస్టరు పేజీ తిప్పాడు.

"రేపు పదింటికే మారాల్నా?"

"పదింటికే."

"మా నాయన జర ఆగమని బతిమిలాడితే?"

"ఎవరు బతిమిలాడినా గంతే."

అహల్య పెదవి చివర నవ్వింది. ఎంత పొగరు అనుకున్నాడు కిషన్.

"చిన్నమ్మకు ఒక ఫోన్ చేసుకుంట."

ఫోను ఆమె వైపు తోసి, ఆ గొంతు వినడం కూడా ఇష్టం లేక వరండాలోకి వెళ్ళిపోయాడు.

మర్నాడు తొమ్మిదయింది. ఎవరూ రాలేదు. వామన్‌రావు జరీ కండువా సర్దుకుంటూ బాల్కనీలోంచి రోడ్డు వైపు మెడ సాచి చూస్తూనే ఉన్నాడు. కిషన్‌కు ప్రాణం లేచొచ్చింది. పది కొట్టగానే పైకి వెళ్ళాడు.

"ఖాళీ చెయ్యున్రి. సికింద్రాబాద్ కంట్రాక్టర్ వస్తున్నడు."

"జర ఒక్క గంట ఆగు కిషన్! పెద్దోళ్ళు వస్తున్నరు. నా ఇజ్జత్ పోతది."

"కుదరది."

అహల్య అప్పటికే పరుపు చుట్టి తాడు కట్టేసి నిలబడింది. ట్రంకుపెట్టెను కిషన్ తనే మోశాడు. దారిలో వంటవాడు పెంటయ్యతో చెప్పాడు, "ఇయ్యాల పచ్చి కట్టెలు పెట్టు."

పదకొండింటికి పెళ్ళికొడుకు వాళ్ళు దిగారు. గదిలో అడుగుపెట్టగానే శ్రీరామమూర్తి భార్యకు దగ్గు తెర వచ్చింది.

"బాల్కనీ గది అన్నరు, రాజా లెక్క అన్నరు. గిదేనా?"

"అమ్మా, గిప్పటిదాంక గాడనే ఉన్నం..."

"మొదలే అబద్ధమాడేటోళ్ళతోని మాకు వియ్యమేంది? నడువున్రి!"

పిల్లను సరిగ్గా చూడకుండానే వెళ్ళిపోయారు. కిషన్ గుమ్మానికి ఆనుకుని తాపీగా అన్నాడు, "గీ పొగల కుక్క గూడ ఉండది గద, రావ్ సాబ్!"

వామన్‌రావు ముఖం మాడిపోయింది. పెట్టె మోసే కూలీని పిలవడానికి బయటికి నడిచాడు. అహల్య కళ్ళ నుంచి ధారగా నీళ్ళు కారుతున్నాయి. చూసి కిషన్ కడుపు నిండింది.

తాళంచెవి ఇవ్వడానికి ఆమె కౌంటరు దగ్గరికి వచ్చింది. కిషన్ ఊరుకోలేదు.

"తొమ్మిదింటికే వచ్చుంటే మీ సంబంధం నిలబడుతుండె. మా అమ్మ ఉసురు తగిలి, దేవుడే వాళ్ళను ఆలస్యం చేసిండు."

అహల్య కళ్ళు తుడుచుకుని, మొదటిసారి అతని ముఖంలోకి సూటిగా చూసింది.

"నిన్న నేను ఫోన్ చేసింది చిన్నమ్మకు గాదు, ఆబిడ్స్‌కు. పదకొండింటికి రమ్మన్న."