ఎక్స్ ఎంత?

ఓపెన్ స్కూల్ పదో తరగతి పరీక్ష పదిరోజులుందనగా వీరదుర్గ కంప్యూటర్లో లెక్కల మాస్టారు మూగబోయారు. వీడియోలో బోర్డు మీద రాస్తున్నారు, పెదాలు కదుపుతున్నారు, మాట మాత్రం లేదు.

బ్రౌజరు మూసి తెరిచింది. సౌండు వందకి పెంచింది. కంప్యూటర్ని నడిపే లినక్సుని కసితీరా తిట్టింది. చివరికి చేపల చెరువు దగ్గరున్న భర్త జగ్గారావుకి మళ్లీ ఫోన్ చేసింది.

"ఏవండీ, మూడు రోజులైందండీ సౌండు లేక. ఎవరికైనా చూపించండి."

"నీ సర్టిఫికెట్టు చేపలేమైనా అడుగుతాయా? ఆదివారం కలిదిండి నుంచి ఎవర్నైనా పిలుద్దాంలే."

రోజూ ఇదే మాట. ఒళ్లు మండి తనే సెట్టింగులన్నీ వెతికింది. సౌండు కంప్యూటర్ స్పీకర్లకి కాకుండా వెనకున్న వైరులోకి పోతోంది. నీటికాకుల్ని బెదరగొట్టడానికి ఆయన చెరువు అవతలి గట్టుదాకా లాగిన మైకు వైరది. చెరువు నీళ్లు చిలికే ఏరేటర్ల హోరులో అక్కడి మోత ఇంట్లోకి వినబడదు.

సౌండుని స్పీకర్లకి మార్చింది. మాస్టారి గొంతు గదిలో ఖంగుమంది.

మరుక్షణం ఫోన్ మోగింది.

"ఆపేశావేంటే? మేతబస్తా మీద లెక్క సగం చేశాను. ఎక్స్ ఎంతో మాస్టార్ని చెప్పనీ!"