కాగితం పూల పాలవెల్లి

పెరటి దడి మీద అల్లుకున్న బచ్చలి తీగ నుంచి ఎవరో పళ్ళు కోస్తున్నారు.

నూకరత్నం చేతిలో చేట పక్కన పెట్టి వెళ్ళి చూసింది.

ముప్ఫై దాటని ఆడమనిషి. చంకలో చిన్న మూట. నుదుట బొట్టు లేదు. కొంగులో నల్లగా పండిన బచ్చలిపళ్ళు.

తినడానికి కాదనీ, వాటి రసంలో కాగితం ముంచి పూలు చేస్తాననీ ఆమె భయంభయంగా చెప్పింది. పేరు పైడితల్లి. రంగం నుంచి, అంటే రంగూన్ నుంచి, నడిచి వచ్చిందట.

రంగూన్ మాట వినగానే నూకరత్నం దడి తలుపు తీసింది.

అది బర్మా మీద జపాను బాంబులు పడిన ఏడు. అనకాపల్లి స్టేషనులో ఆగిన రైళ్ళలోంచి బర్మా వదిలి పారిపోయి వచ్చినవాళ్ళు దిగుతూనే ఉన్నారు. నూకరత్నం వాళ్ళందరినీ ఒకటే అడిగేది.

భర్త సింహాచలం బియ్యం మిల్లు పనికని రంగూన్ వెళ్ళి పన్నెండేళ్ళయింది. మొదట్లో ఉత్తరాలు వచ్చేవి. తర్వాత అవీ లేవు. పిల్లలు లేరు. అత్త కూడా పోయాక ఆ పెంకుటింట్లో నూకరత్నం ఒక్కర్తే మిగిలింది.

"సింహాచలమని, మిల్లులో పని. ఎడం సెయ్యి కొంచెం వంకర. ఎక్కడైనా సూసేవా?"

పైడితల్లి కొంగులోని పళ్ళు సర్దుకుంది. నూకరత్నం నుదుటి వైపు, చేతుల నిండా ఉన్న గాజుల వైపు చాలాసేపు చూసింది.

"రంగం పెద్ద ఊరమ్మా" అంది.

వినాయక చవితి ఇంకా అయిదు రోజులుంది. పాలవెల్లికి పూలు చేసిపెట్టమని నూకరత్నమే అడిగింది.

యుద్ధం వల్ల బజారులో రంగు కాగితం లేదు. దొరికిన తెల్ల కాగితాన్నే పైడితల్లి పసుపు నీళ్ళలోనూ, బచ్చలి రసంలోనూ ముంచి ఆరేసింది. రేకులు కత్తిరించి, చీపురుపుల్లకి చుట్టి వంపు తెచ్చింది. కరిగించిన కొవ్వొత్తిలో ముంచి తీస్తే ఒక్కో పువ్వూ అప్పుడే కోసినట్టు మెరిసింది.

ఏ కులమో ఏమో, లోపలికి రానివ్వొద్దని పక్కింటి అప్పలనర్సమ్మ చెప్పింది. నూకరత్నం అలాగే చేసింది. పైడితల్లి తిండీ నిద్రా అరుగు మీదే.

అయినా ఆ అయిదు రోజులూ ఇంట్లో మాట వినబడింది.

నూకరత్నం తన పెళ్ళి సంగతులు చెప్పేది. తలంబ్రాలు పొయ్యడానికి ఎత్తు చాలక పెళ్ళికొడుకు మునివేళ్ళ మీద నిలబడ్డ సంగతి చెప్పి నవ్వేది. పైడితల్లి తల వంచుకుని పూలు చుడుతూ వినేది. మర్నాడు మళ్ళీ ఆ సంగతే చెప్పమనేది.

నీ మొగుడెలా పోయాడని నూకరత్నం ఒకసారి అడిగింది. దారిలో జ్వరమొచ్చిందని మాత్రం చెప్పి, పైడితల్లి కత్తెర కోసం వెతుక్కుంది.

చవితి పొద్దున దేవుడి గదిలో పాలవెల్లి కట్టింది నూకరత్నం. పూలు తగిలించే వేళకి ఆమెకి ఎలాగో అనిపించింది. శుభమా అని పండగ. ఊళ్ళో ముత్తయిదువలు వస్తారు.

"నువ్వు కొంచెం అవతలకెళ్ళి కూకో. పూజయ్యేక పిలుత్తాను."

పైడితల్లి కష్టపెట్టుకోలేదు. గుమ్మం బయట నిలబడి పూలు ఒక్కొక్కటే అందించింది.

"నువ్వే కట్టమ్మా. నీ సెయ్యి మంచిది" అంది.

పాలవెల్లి చూడడానికి వీధంతా వచ్చింది. ఎక్కడ కొన్నావని అడిగినవాళ్ళకి నూకరత్నం నవ్వి ఊరుకుంది.

అందరూ వెళ్ళాక ఉండ్రాళ్ళు ఆకులో పెట్టుకుని బయటికి వచ్చింది.

అరుగు తుడిచి ఉంది. చాప చుట్టి గోడకి ఆనించి ఉంది. మనిషి లేదు.

సాయంత్రం దాకా చూసింది. మర్నాడు స్టేషనుకి వెళ్ళింది. బర్మా వాళ్ళకి గంజి పోసే పందిట్లో అడిగింది. ఎవరూ ఏమీ చెప్పలేకపోయారు. వెళ్ళేముందు లోపలికి పిలిచి ఒక్కపూటైనా అన్నం పెట్టలేకపోయానని దారంతా బాధపడింది.

దసరా వచ్చింది. నూకరత్నం ఒక్కర్తే కాగితం ముందేసుకుని కూర్చుంది. ఆమె చేతిలో రేకు నిలవలేదు.

అప్పుడు వచ్చాడు దేముడు. సింహాచలంతో ఒకే ఓడలో రంగూన్ వెళ్ళినవాడు. చిక్కి సగమయ్యాడు. చిట్టగాంగు ఆసుపత్రిలో మూడు నెలలు పడి ఉండి, ఇప్పుడే వచ్చానన్నాడు.

నూకరత్నం బొట్టు చూసి తెల్లబోయాడు.

"పైడితల్లి రాలేదా, వదినా?"

వచ్చిందనీ, అయిదు రోజులుందనీ, చెప్పకుండా వెళ్ళిపోయిందనీ నూకరత్నం చెప్పింది. ఆమె నీకెలా తెలుసని అడిగింది.

దేముడు అరుగు మీద కూలబడ్డాడు. బర్మా దాటి వచ్చే దారిలో, అరకాను కొండల్లో సింహాచలం జ్వరంతో పోయాడనీ, దారి పక్కనే మట్టి చేశామనీ చెప్పాడు. నూకరత్నానికి ఆ కబురు తానే చెప్పాలని పైడితల్లి పట్టుబట్టిందట. ఇంకెవరు చెప్పినా ఊరుకోనందట.

నూకరత్నం గోడ పట్టుకుని నిలబడింది. ఏడుపు ఇంకా రాలేదు.

"మరి సెప్పలేదేటి? అయినా నా సంగతి ఆ మనిసికేటి పట్టింది?"

దేముడు తల ఎత్తలేదు.

"ఎనిమిదేళ్ళు అన్నతో కాపరం సేసింది వదినా, ఆ పిల్ల."