వెంపలి పసరు

"ఏమండీ, నిన్నటి డ్యూటీ చొక్కా పిల్ల బట్టల మీద పడేశారేంటి? ఆ కంపేంటి? అసలే కామెర్లతో ఉంది. దానికేమైనా అయితే నేను బతకను!"

"నీకు తాడు కనపడ్డా పామే" అంటూ భర్త నవ్వి, చొక్కా తీసి బయట మేకుకు తగిలించాడు. రైలు పట్టాల మీద పని అతనిది. బూట్లు తొడుక్కుని వెళ్లిపోయాడు.

ఆమె పిల్ల బట్టలన్నీ మళ్లీ నీళ్లలో వేసింది. వంటింట్లో అత్తగారు తెల్లవారుజామునే కోసుకొచ్చిన ఆకు నూరుతోంది.

"అత్తయ్యా, ఆ పసరు వద్దండీ. నాకు భయంగా ఉంది."

"వెంపలికి భయమేంటే? నీ మొగుడి కామెర్లు దీంతోనే దిగాయి. కడుపుబ్బరానికి ఇదే, పుండుకి ఇదే, పంటిపోటుకి దీని వేరే."

"పోనీ, ఎక్కడ కోశారు?"

"చోటు చెబితే మందు పని చెయ్యదు. నోరు మూసుకో."

పిల్ల ముక్కు మూసుకుని ఒక్క గుక్కలో తాగేసింది.

మధ్యాహ్నానికి నోరంతా పొక్కింది. ఒకటే వాంతులు. ఆస్పత్రికి చేరేసరికి పిల్ల అమ్మా అనడానికి కూడా నోరు తెరవలేకపోయింది.

కోడలు చెంగులో కట్టి తెచ్చిన కొమ్మను డాక్టరమ్మ తిప్పి చూసింది. ఊదా పూలు, సన్నటి కాయలు. వాసన చూసి మొహం చిట్లించింది.

"వెంపలే. కానీ వెంపలి ఇలా చెయ్యదు. దీని మీద ఎవరో కలుపుమందు కొట్టారు. ఏ మందో తెలిస్తే గానీ వైద్యం సరిగ్గా చెయ్యలేను. ఎక్కడ కోశారమ్మా?"

ముసలమ్మ తల అడ్డంగా ఊపింది.

అప్పుడే కొడుకు పరుగెత్తుకొచ్చాడు. సంగతి విని తల్లి భుజాలు పట్టుకున్నాడు.

"ఎవడి చేనమ్మా అది? ఎవడు కొట్టాడు? చెప్పు! ఆ మందే వాడి గొంతులో పోసి వస్తాను!"

ముసలమ్మ కొడుకు మొహంలోకి చూసింది. తల దించుకుంది.

"మందు పని చెయ్యకపోతే పీడా పోయింది, చోటు చెప్పండత్తయ్యా!" కోడలు కాళ్ల మీద పడింది. "ఈ ఒక్కసారికి నోరు విప్పండి!"

సెలైను చుక్కలు ఒక్కొక్కటే పడుతున్నాయి. పిల్ల మూలిగింది. డాక్టరమ్మ గడియారం చూసుకుంది. ముసలమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడకు ఆనుకుంది. అందరూ ఆమెకేసే చూస్తున్నారు.

చివరికి చెంగు తీసింది. కొడుకు చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"చేను కాదు నాయనా. నిన్న నువ్వు డబ్బా భుజానికెత్తుకుని కొట్టొచ్చావే, ఆ పట్టాల పక్కనే. అదేం మందో డాక్టరమ్మకి నువ్వే చెప్పరా."