బంగారంలాంటి గోడ

బిష్కెక్‌లో చలికాలం. బెర్మెట్ ఇంటి గోడ నిండా పాకిన నల్లబూజును ఇళ్ల తనిఖీ అధికారి మెలిస్ వేలితో గీకి చూశాడు. పక్కనే మంచం మీద ఆమె కూతురు పిల్లికూతలతో ఆయాసపడుతోంది.

“గోడ బంగారంలా ఉందక్కా. నువ్వే పొద్దస్తమానం టీ మరగబెడుతున్నావు. ఆ ఆవిరి వల్లే ఇదంతా.”

“ఊపిరిలోనూ ఆవిరుంటుంది కదా సారూ, అదీ మానేయమంటారా?”

“తగ్గిస్తే మంచిదే,” అని వెళ్లిపోయాడు.

వారం తిరక్కుండానే పాపకు ఆయాసం ముదరడంతో, బెర్మెట్ ఆమెను ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తింది. అక్కడ పక్క మంచం మీద ఒక పిల్లవాడు మూతికి మాస్కుతో రొప్పుతున్నాడు. వాడి చెయ్యి పట్టుకుని కూర్చున్నది మెలిస్!

నోటిదాకా వచ్చిన తిట్టును బెర్మెట్ మింగేసింది. “మీ ఇంట్లోనూ బూజేనా సారూ?”

అతను తలెత్తలేదు. “మా ఇంటి తనిఖీ కూడా నేనే చేశానక్కా. లోపమేమీ లేదని తేల్చాను.”